తప్పొప్పుల పట్టిక : బెంజమిన్ ఫ్రాంక్లిన్ జీవితము

పుస్తకము అచ్చయిన పిదప చివరి పుటలో తప్పొప్పుల పట్టిక చేర్చుట మన ప్రచురణకర్తలకు వాడుక. ఎంత శ్రద్ధతో దిద్దినను ముద్రారాక్షసములు కొన్ని మిగిలియే యుండును. వానిని దాచిపెట్టక, ఫలానా పుటలో ఫలానా పంక్తిలో ఈ మాటకు బదులు ఈ మాట చదువుకొనవలెనని తెలుపుట పాఠకుని యెడల చూపవలసిన మర్యాద. తన జీవితమును గూడ ఇట్టి గ్రంథముగా భావించి, అందలి తప్పులకు తానే పట్టిక వ్రాసికొని, సాధ్యమైనంతవరకు తన చేతితోనే వానిని దిద్దుకొన్న ముద్రాపకుడు ఒకడుండెను. ఆయన పేరు బెంజమిన్ ఫ్రాంక్లిన్.

మేఘములలోని విద్యుత్తును గాలిపటముతో పరీక్షించిన శాస్త్రజ్ఞుడుగను, 1776వ సంవత్సరపు అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకము చేసిన రాజనీతిజ్ఞుడుగను ఆయన మనకు తెలిసినవాడే. ఆ ఘనకార్యములు జగద్విదితములు. ఈ వ్యాసమున చెప్పదలచినది అంతకంటె చిన్న విషయము, మన యిండ్లకు దగ్గరగా నున్న విషయము. ప్రతిదినము కంటబడు వస్తువులను గూర్చి ఇది ఇట్లేల యున్నదని అడుగుట ఒక అలవాటు. ప్రతిరాత్రి తన్ను గూర్చి నేనిట్లేల నడచితినని అడుగుకొనుట మరియొక అలవాటు. ఈ రెండును ఒకే మనిషిలో ఎట్లు పెరిగినవో, రెండవది మొదటిదానికంటె ఎంత కష్టమైనదో ఆయన చరిత్ర తెలుపుచున్నది.

కొవ్వొత్తుల దుకాణము నుండి అచ్చుకూటమునకు

ఫ్రాంక్లిన్ 1706 జనవరి 17వ తేదీన బోస్టన్ నగరమున జన్మించెను. నాడు ఆ ప్రాంతము ఆంగ్లేయుల వలస రాజ్యము. తండ్రి జోసయ్య కొవ్వొత్తులు, సబ్బులు చేసి అమ్ముకొని జీవించు సామాన్యుడు. ఇద్దరు భార్యల వలన ఆయనకు 17మంది సంతానము కలిగిరి. కుమారులలో కడపటివాడు బెంజమిన్. ఆ బాలుడు బడిలో చదివినది రెండేండ్లకు మించలేదు. పదవయేట చదువు మాన్పించి తండ్రి తన పనిలోనే పెట్టుకొనెను. వత్తులు కత్తిరించుట, మూసలలో క్రొవ్వు పోయుట, దుకాణము చూచుకొనుట బాలునకు రుచింపలేదు. అందుచే, కుమారునకు ఏ వృత్తి నచ్చునో తెలిసికొనుటకై తండ్రి ఆతనిని వెంటబెట్టుకొని వడ్రంగులు, తాపీపనివారు, కంచరులు పనిచేయు చోట్లకు త్రిప్పి చూపెను. మంచి పనివాని చేతిలో పనిముట్టు ఆడు తీరును చూచుట తనకు నాటినుండియు ఆనందమనియు, తరువాతి కాలమున ప్రయోగములకై చిన్న చిన్న యంత్రములు చేసికొనుటకు ఆ చూపే తోడ్పడినదనియు ఆయన వృద్ధాప్యమున తలచుకొనెను. కాయకమునకు గౌరవమిచ్చు సంప్రదాయమున పెరిగిన మనకు ఆ తండ్రి చేసిన పని మెచ్చదగినదిగా తోచును. కుమారునకు వృత్తిని నిర్ణయించుటకు ముందు వృత్తులను వాని కంటికి చూపెను.

తుదకు 12వ యేట, అన్న జేమ్సు నడుపుచున్న అచ్చుకూటమున పని నేర్చుకొనుటకు బెంజమిన్‌ను కుదిర్చిరి. అక్కడ పుస్తకములతో పరిచయము కలిగెను. పుస్తక విక్రేతల వద్ద పని నేర్చుకొను బాలురతో స్నేహము చేసి, సాయంకాలము పుస్తకము తెచ్చుకొని, రాత్రియంతయు మేల్కొని చదివి, ఉదయమున దుకాణము తెరచు వేళకు నలగకుండ తిరిగి యిచ్చెడివాడు. సుమారు 16వ యేట శాకాహారమును గూర్చిన పుస్తకమొకటి చదివి మాంసము మానెను. తన భోజనమునకై అన్న చెల్లించు సొమ్ములో సగము తనకిచ్చినచో తిండి సంగతి తానే చూచుకొందునని ఒప్పించి, ఆ సగములోను సగము మిగిల్చి పుస్తకములు కొనెను. తక్కినవారు భోజనమునకు పోయినప్పుడు రొట్టెముక్కయు, గుప్పెడు ఎండుద్రాక్షయు, మంచినీళ్లును పుచ్చుకొని అచ్చుకూటములోనే కూర్చుండి చదువుకొనెడివాడు.

వ్రాత నేర్చుకొన్న విధము మరింత గమనింపదగినది. లండనులో వెలువడిన స్పెక్టేటర్ అను పత్రిక సంపుటమొకటి ఆతనికి దొరకెను. అందలి వ్యాసములు మిక్కిలి నచ్చెను. ఒక్కొక్క వ్యాసములోని భావములకు ముక్తసరిగా గుర్తులు వ్రాసికొని, కొన్ని దినములు ప్రక్కన పెట్టి, పిమ్మట ఆ గుర్తుల ఆధారముతో వ్యాసమును తన మాటలలో తిరిగి వ్రాసెడివాడు. మూలముతో సరిపోల్చి, తప్పిన చోటులను కనుగొని దిద్దుకొనెడివాడు. పదసంపద చాలలేదని తెలిసినప్పుడు వ్యాసమును పద్యముగా మార్చి, కొంతకాలమైన పిదప ఆ పద్యమును మరల వచనముగా వ్రాసెడివాడు. గుర్తులను కలగాపులగము చేసి, కొన్ని వారములకు వానిని సరియైన వరుసలో పేర్చుచు భావములకు క్రమము కల్పించుట నేర్చుకొనెను. గురువు లేని చోట తానే గురువై, తానే శిష్యుడై తప్పులు పట్టుకొను ఈ పద్ధతి ఆయనకు జీవితమంతయు పనికివచ్చెను. బాల్యమున దిద్దినది వాక్యములను, యౌవనమున దిద్దబూనినది నడవడిని.

చేప కడుపులో చేప

1723లో అన్నతో పొసగక, 17వ యేట ఎవరికిని తెలియకుండ బోస్టన్ విడిచెను. ఆ తొలి సముద్రయానములో గాలి స్తంభించి ఓడ ఒక ద్వీపము దగ్గర నిలిచిపోయెను. ఓడవారు గాలములు వేసి కాడ్ అను పెద్ద చేపలను విస్తారముగ పట్టి వేయింపసాగిరి. అంతవరకు ఫ్రాంక్లిన్ శాకాహార నియమమును నిష్ఠతో పాటించుచుండెను. మనకు ఏ కీడును చేయని ప్రాణిని చంపుట హత్యయేయని ఆతని నమ్మకము. కాని పూర్వము ఆతనికి చేపలనిన మక్కువ. పెనము మీది నుండి కమ్మని వాసన వచ్చుచుండెను. నియమమునకును నాలుకకును నడుమ కొంతసేపు ఊగులాడెను. అంతలో, చేపలను కోసినప్పుడు పెద్ద చేపల కడుపులో చిన్న చేపలు బయటపడుట గుర్తుకు వచ్చెను. ఇవి ఒకదానినొకటి తినుచుండగా తాను వీనిని తినుటలో దోషమేమున్నదని సమాధానపడి కడుపునిండ తినెను.

ముదిమిలో ఈ వృత్తాంతమును చెప్పుచు ఆయన తన్ను చూచి తానే నవ్వుకొనెను. ఆనాడు కారణము దొరకినందున తినలేదు, తినగోరినందున కారణము దొరకినది. ఈ సంగతిని దాచక వ్రాసికొన్నాడు గనుకనే ఇది మనకు తెలిసినది. శాకాహార కుటుంబములలో పుట్టిన మనము ఈ కథ చదివి ఆయనను తేలికగా చూడరాదు. ఆహారమున కాకున్నను, ఇతర విషయములలో మన బుద్ధి కోరిక పక్షమున వకాల్తా పుచ్చుకొని వాదించుట మనకందరకు అనుభవమే. అప్పు తీర్చక జాగు చేయుటకు గాని, కోడలి పుట్టింటి నుండి కానుకలు ఆశించుటకు గాని, ముసలితల్లిని చూడబోవుట వాయిదా వేయుటకు గాని మనకు ఏనాడైన కారణము కరవైనదా? కావున ప్రశ్నించుకొనుట యనగా కారణము వెదకికొనుట కాదని, దొరకిన కారణమును గూడ మరల ప్రశ్నించుటయని ఈ చిన్న కథవలన గ్రహింపవచ్చును.

శుక్రవారపు గోష్ఠి

ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియా నగరము చేరి, ఒక అధికారి మాటలు నమ్మి 1724లో లండనుకు పోయి మోసపోయెను. అక్కడ అచ్చుకూటములలో కూలికి పనిచేసి, 1726లో తిరిగివచ్చి, 1728లో ఒక మిత్రునితో కలసి స్వంత అచ్చుకూటము స్థాపించెను. అంతకు ముందే, 1727లో, మిత్రులను కూడగట్టి ఒక గోష్ఠిని నెలకొల్పెను. దాని పేరు జుంటో. తొలుత సభ్యులు 12మంది. వారిలో అద్దములు బిగించువాడు, చెప్పులు కుట్టువాడు, వడ్రంగి, భూమి కొలుచువాడు, దస్తావేజులకు నకళ్లు వ్రాయువాడు ఉండిరి. ప్రతి శుక్రవారము సాయంకాలమున కూడుకొనెడివారు. వృత్తిభేదము పాటింపక అందరును కూడి అనుభవములను విచారించుకొన్న అనుభవ మంటపమును గూర్చి వినుచు పెరిగిన మనకు ఇట్టి కూటమి వింతగా తోచదు.

ఈ గోష్ఠికి 24 ప్రశ్నల జాబితా ఉండెను. ఈ మధ్య చదివినదానిలో చెప్పదగినదేమి, ఊరిలో వ్యాపారము చెడినవాడెవడు, ఎందువలన చెడినాడు, బాగుపడినవాడు ఎట్లు బాగుపడినాడు, సహాయము చేయదగిన క్రొత్తవాడెవడైన ఊరికి వచ్చినాడా, నీ కష్టమున మేము చేయదగిన తోడ్పాటు ఏమి — ఇట్టివి ఆ ప్రశ్నలు. గెలుపుకొరకు వాదింపరాదని, సత్యముకొరకు విచారింపవలెనని నియమము. మూర్ఖపు పట్టుదలతో మాటలాడినవారికి చిన్న జరిమానా. ఈ విచారణ మాటలతో ఆగలేదు. అందరికి పుస్తకములు అందుటెట్లను ప్రశ్న నుండి 1731లో చందాదారుల గ్రంథాలయము పుట్టెను. మొదట 50మంది తలకు 40 షిల్లింగులు వేసికొని దానిని ఆరంభించిరి. ఇండ్లు కాలినప్పుడు చేయవలసినదేమను ప్రశ్న నుండి 1736లో అగ్నిమాపక సంఘము పుట్టెను. ఇట్టి లోకహిత ప్రయత్నముల వరుసలోనే, ఒక వైద్యమిత్రుని సంకల్పమునకు ఫ్రాంక్లిన్ తోడు నిలువగా, 1751లో ఆసుపత్రియు ఏర్పడెను.

పదమూడు వరుసల పుస్తకము

సుమారు ఈ కాలముననే ఆయనకు ఒక సాహసపు ఊహ కలిగెను. ఏ తప్పును చేయకుండ జీవించుట సాధ్యమా యని పరీక్షింపవలెనని నిశ్చయించెను. మంచిని గూర్చి తెలిసినంత మాత్రమున మంచివాడగుట లేదని, అలవాటు అజాగ్రత్తగా నున్న సమయము చూచి మీదపడునని త్వరలోనే తెలిసికొనెను. అందుచే పద్ధతి యొకటి కల్పించుకొనెను.

ఆహారపానములలో మితము, మితభాషణము, క్రమము, దృఢనిశ్చయము, పొదుపు, శ్రమ, నిష్కాపట్యము, న్యాయము, అతిని వర్జించుట, శుచిత్వము, ప్రశాంతి, శీలము, వినయము — ఇవి ఆయన ఎన్నుకొన్న 13 గుణములు. చిన్న పుస్తకమొకటి కుట్టుకొని, పుటకు ఏడు నిలువు గళ్లు, 13 అడ్డువరుసలు ఎర్రసిరాతో గీచెను. నిలువుగళ్లు వారములోని దినములు, అడ్డువరుసలు గుణములు. ప్రతిరాత్రి ఆ దినము నడచిన నడతను తలచుకొని, తప్పిన గుణమునకు ఎదురుగా ఒక నల్లచుక్క పెట్టెను. వారమునకు ఒక గుణముపై విశేష శ్రద్ధ వహించెను. 13 వారములకు ఒక ఆవృత్తి, సంవత్సరమునకు నాలుగు ఆవృత్తులు. ఉదయము లేచి నేడు చేయదగిన మేలేమియని, రాత్రి పడుకొనుటకు ముందు నేడు చేసిన మేలేమియని తన్ను తానే అడుగుకొనుట దినచర్యలో భాగమయ్యెను.

తాను ఊహించినదానికంటె తప్పులు చాల ఎక్కువగా కనబడుట చూచి ఆయన విస్తుపోయెను. పాత చుక్కలను గీకి క్రొత్త ఆవృత్తికి చోటు చేయగా చేయగా కాగితము చిల్లులు పడెను. అప్పుడు దంతపు రేకులపై గళ్లు గీయించి, తడిపి తుడుచుటకు వీలుగా పెన్సిలుతో చుక్కలు పెట్టసాగెను. అన్నిటికంటె లొంగనిది క్రమము. వస్తువులను వాని చోట పెట్టుట, పనులను వేళకు చేయుట జీవితాంతము ఆయనకు అలవడలేదు. ఒకప్పుడు విసిగి, కొన్ని లోపములు ఉండుటయే మేలేమో యని సరిపెట్టుకొనజూచెను. గొడ్డలి అంతయు వాదరవలె మెరయవలెనని కోరి, సాన త్రిప్పలేక అలసి, మచ్చలున్న గొడ్డలియే బాగున్నదని తీసికొనిపోయిన మనిషితో ఆయన తన్ను పోల్చుకొనెను. ఓడమీద చేపను తినిపించిన బుద్ధియే మారువేషమున మరల వచ్చినదని ఆయనకు తెలియకపోలేదు.

వినయము మొదట ఆ జాబితాలో లేదు. గుణములు పన్నెండే. ఒక క్వేకరు మిత్రుడు వచ్చి, ఊరివారు నిన్ను గర్వియనుకొనుచున్నారని, వాదములో నెగ్గుటతో తృప్తి చెందక ఎదుటివానిని చిన్నబుచ్చెదవని ఉదాహరణములతో చెప్పెను. ఫ్రాంక్లిన్ కోపింపక దానిని పదమూడవ గుణముగా చేర్చుకొనెను. నాటినుండి నిశ్చయముగ, నిస్సందేహముగ అను మాటలను సంభాషణలో మానివేసి, నాకిట్లు తోచుచున్నదనుట అలవరచుకొనెను. లోపలి గర్వము పోయినదని మాత్రము ఆయన ఎన్నడు చెప్పుకొనలేదు. పోయినదని తలచినచో ఆ తలపే గర్వమగునని ఆయనకు తెలియును. తన కన్ను తనకు కనబడదు. ఆత్మపరిశీలనకు గూడ ఒక్కొక్కప్పుడు మిత్రుని నోరు కావలసియుండును.

చీమలు, గుడ్డముక్కలు, తుపాను

లోపలికి చూచు ఈ చూపే వెలుపలికి మరలినప్పుడు ఆయనకు ప్రతి వస్తువును పాఠమయ్యెను. ఇంటిలో పాకము పోసిన చిన్న మట్టిపాత్రకు చీమలు పట్టినవి. మనమైనచో దులిపి వేరొకచోట పెట్టుదుము. ఆయన చీమలను దులిపి, పాత్రను దారముతో పైకప్పు మేకునకు వ్రేలాడగట్టెను. ఒక్క చీమ మాత్రము లోపల మిగిలెను. అది తృప్తిగా తిని, దారి వెదకి వెదకి దారము వెంబడి పైకెక్కి, గోడమీదుగా దిగిపోయెను. అరగంట గడచునో లేదో చీమల దండు బయలుదేరి పైకప్పునకు ఎక్కి, అదే దారము వెంబడి పాత్రలోనికి దిగెను. చీమకు చీమ వార్త తెలుపు ఉపాయమేదో ఉండవలెనని ఆయన నిశ్చయించెను.

ఎండ కాయుచున్న ఒక శీతకాలపు ఉదయమున దర్జీవాని నమూనా గుడ్డముక్కలను మంచుపై పరచెను. కొన్ని గంటలకు నల్లముక్క అన్నిటికంటె లోతుగా దిగబడెను, ముదురు నీలము దాదాపు అంతే దిగెను, తెల్లముక్క మాత్రము పైననే యుండెను. ఎండదేశములలో తెల్లని వస్త్రములు హాయియని మన పెద్దలకు అనుభవమున తెలియును. ఎందువలననో ఈ ప్రయోగము కంటికి చూపును. దీనికి కావలసినవి గుడ్డపీలికలు మాత్రమే.

1743 అక్టోబరులో చంద్రగ్రహణము చూడవలెనని ఆయన కాచుకొని యుండగా ఈశాన్యపు గాలితో తుపాను వచ్చి ఆకాశమును మూసివేసెను. ఈశాన్యముననే యున్న బోస్టన్‌లో అది ఇంకను ముందే వచ్చియుండవలెనని ఆయన తలచెను. కాని అక్కడి అన్న, తాము గ్రహణము చక్కగా చూచితిమనియు, తుపాను తరువాత వచ్చెననియు వ్రాసెను. మరియొకడైనచో చూడలేకపోతినని విచారించి ఊరకుండును. ఆయన ఇతర ప్రాంతముల నుండి తుపాను వేళలను సేకరించి, గాలి ఈశాన్యము నుండి వీచినను తుపాను మాత్రము నైరుతి నుండి ఈశాన్యమునకు సాగునని కనుగొనెను.

తనకు తెలియనిది తెలిసినవానిని అడుగుటకు ఆయన సిగ్గుపడలేదు. తపాలా ఓడలు అమెరికా చేరుటకు వర్తకపు ఓడలకంటె రెండు వారములు ఎక్కువ పట్టుచున్నదేలయని లండనులో అధికారులు తర్కించుచుండగా, ఆయన తిమింగలములు వేటాడు తన బంధువు తిమోతి ఫోల్గర్‌ను అడిగెను. సముద్రములో నదివలె పారు ఉష్ణప్రవాహమొకటి యున్నదనియు, తపాలా ఓడలవారు దానికి ఎదురీదుచున్నారనియు, వేటగాండ్రు హెచ్చరించినను తమకు తెలియనిదా యని వినలేదనియు ఆతడు చెప్పెను. ఆ మాట ఆధారముగా గల్ఫ్ ప్రవాహమునకు పటము సిద్ధమయ్యెను. తరువాతి సముద్రయానములలో ఫ్రాంక్లిన్ ఉష్ణమాపకము నీటిలో ముంచి ఆ ప్రవాహపు హద్దులను తానే కొలిచెను. 1752 నాటి గాలిపటపు ప్రయోగము, దాని వెంట పిడుగులనుండి ఇండ్లను కాపాడు లోహదండము ఇట్టి అలవాటు నుండియే వచ్చినవి. 1740 దశకమున తాను రూపొందించిన క్రొత్తరకపు పొయ్యికి ప్రత్యేక హక్కు ఇప్పింతునని గవర్నరు చెప్పినను ఆయన నిరాకరించెను. ఇతరుల ఆవిష్కరణలవలన మేలు పొందిన మనము మన ఆవిష్కరణను ఉచితముగ ఈయవలెనని ఆయన అభిప్రాయము.

ఆలస్యముగ అడిగిన ప్రశ్నలు

ఇంత ప్రశ్నించినవాడు ఇంటిలోని ప్రశ్నలను సకాలమున అడిగెనా? ఇక్కడనే ఆయన జీవితము మనకు కఠినమైన పాఠము చెప్పుచున్నది.

1736లో ఆయన నాలుగేండ్ల కుమారుడు ఫ్రాన్సిస్ మశూచికముతో మరణించెను. నాడు టీకా వేయు పూర్వపు పద్ధతి ఒకటి వాడుకలో నుండెను. ఫ్రాంక్లిన్ దానియందు నమ్మకము గలవాడే. బాలునకు విరేచనములు తగ్గిన పిదప వేయింతమని జాగు చేసెను. వ్యాధి ఆగలేదు. టీకావలననే బాలుడు చనిపోయెనని ఊరిలో వదంతి పుట్టగా, తాను టీకా వేయించలేదని ఆయన తన పత్రికలోనే ప్రకటించెను. ఆ మాట చదివి మరియొక తండ్రి భయపడి మానుకొనరాదని ఆయన ఉద్దేశము. తన దుఃఖమును, తన జాగును లోకమునకు హెచ్చరికగా అచ్చొత్తించుట సామాన్యమైన ధైర్యము కాదు. ఆ బాధ ఆయనను కడవరకు విడువలేదు.

భార్య డెబొరా పట్లను ఆయన నిర్దోషి కాడు. 1764లో రాయబారమునకై లండనుకు పోయి, ఆమె రమ్మని కోరినను రాకుండ పది సంవత్సరములు గడపెను. 1774లో ఆమె మరణించునాటికి ఆయన అక్కడనే యుండెను. స్వాతంత్ర్య పోరాటములో ఆంగ్లరాజు పక్షము వహించిన కుమారుడు విలియమ్‌ను ఆయన మనసార క్షమింపలేదు. 1771లో స్వీయచరిత్ర మొదలిడినప్పుడు ఆ కుమారునకే లేఖగా వ్రాసెను. ఆ స్వీయచరిత్రలోనే తన పొరపాట్లను ముద్రాపకుని మాటతో అచ్చుతప్పులని పేర్కొనెను. వానిలో కొన్నిటిని దిద్దుకొనెను గూడ. తనను నమ్మి మిత్రుడొకడు వసూలు చేయుమన్న సొమ్మును వాడుకొని, తరువాత వడ్డీతో చెల్లించెను. విడిచివచ్చిన అన్న కుమారుని చేరదీసి, చదివించి, అచ్చుపని నేర్పెను. విలియమ్ విషయమున మాత్రము పట్టిక అసంపూర్ణముగనే మిగిలెను.

అన్నిటికంటె పెద్ద తప్పు బానిసత్వము. నాడు ఫిలడెల్ఫియాలో నల్లజాతివారిని కొని అమ్ముట మామూలు వ్యాపారము. ఫ్రాంక్లిన్ ఇంటిలోను బానిసలుండిరి. ఆయన పత్రికలో బానిసల అమ్మకపు ప్రకటనలు వచ్చుచుండెను. 1757లో లండనుకు పోవునప్పుడు ఇద్దరు బానిసలు వెంటనుండిరి. విశేషమేమనగా, బానిసత్వము పాపమని క్వేకరులు వ్రాసిన పుస్తకములను 1729లోను, 1737లోను అచ్చువేసినది ఆయన అచ్చుకూటమే. ఆ అక్షరములు ఆయన అచ్చుయంత్రము క్రిందనే కాగితముపై పడెను. అయినను ఆ ప్రశ్న ఆయన ఎర్రగీతల పుస్తకములోనికి రాలేదు. న్యాయమను గుణమునకు ఒక వరుస యున్నది. ఇంటిలో ఊడిగము చేయు మనిషిని గూర్చి ఆ వరుసలో చుక్క పెట్టవలెనని ఆయనకు తోచలేదు. ఊరందరు చేయు పని గనుక అది ప్రశ్నగానే కనబడలేదు.

మార్పు ఒక బడిలో ఆరంభమయ్యెను. 1763లో ఆయన ఫిలడెల్ఫియాలోని నల్లజాతి పిల్లల పాఠశాలను చూడబోయెను. పిల్లల చదువును తానే స్వయముగ పరీక్షించెను. వారి గ్రహణశక్తియు, జ్ఞాపకశక్తియు తెల్లపిల్లలకు దేనిలోను తీసిపోవని చూచి, అంతవరకు తనకున్న తక్కువ అభిప్రాయము తప్పని ఒక మిత్రునకు వ్రాసెను. చీమను చూచిన కన్నుతోనే ఆ పిల్లలనును చూచెను. చూచినదానికి తలవంచెను. కాని చూచుటకు 57 సంవత్సరములు పట్టెను. చూచిన వెంటనే బయటకు వచ్చి పోరాడుటకు మరి రెండు దశాబ్దములకు పైగా పట్టెను.

1787లో, 81వ యేట, పెన్సిల్వేనియాలోని బానిసత్వ నిర్మూలన సంఘమునకు అధ్యక్షుడయ్యెను. అదే సంవత్సరము సెప్టెంబరులో రాజ్యాంగ సభ ముగియు దినమున, నిలబడు శక్తిలేక ఆయన ఉపన్యాసమును వేరొకరు చదివిరి. వయస్సు పెరిగినకొలది తన నిర్ణయములను తాను అనుమానించుట ఎక్కువైనదనియు, తక్కిన సభ్యులును తాము తప్పుపడరను నమ్మకమును ఆ దినమున కొంచెము సడలింపవలెననియు అందు కోరెను. పదమూడవ గుణమును కడవరకు సాధన చేసినవాని మాట అది. 1790 ఫిబ్రవరిలో బానిసత్వమును తొలగింపుమని అమెరికా కాంగ్రెసునకు పంపిన విన్నపముపై సంఘాధ్యక్షుడుగా సంతకము చేసెను. కాంగ్రెసు తనకు అట్టి అధికారము లేదని దానిని ప్రక్కకు నెట్టెను. మార్చిలో, బానిసత్వమును సమర్థించువారి వాదములను ఎగతాళి చేయుచు ఒక వ్యంగ్యరచన పత్రికలో ప్రకటించెను. కోరికకు వకాల్తా పుచ్చుకొను బుద్ధిని యౌవనమున తనలో పట్టుకొన్నవాడు, కడపట దేశములోని పెద్దలలో దానినే చూపెను. నెల తిరుగకుండ, 1790 ఏప్రిల్ 17న, 84వ యేట కన్నుమూసెను. ఆ దేశమున బానిసత్వము రాజ్యాంగరీత్యా రద్దగుటకు 1865 వరకు వేచియుండవలసివచ్చెను.

మన యింటి పట్టిక

ఫ్రాంక్లిన్‌ను మహాత్ముడుగా కొలుచుటకు ఈ వృత్తాంతము చెప్పలేదు. ఆయన జీవితములో దిద్దిన తప్పులున్నవి, దిద్దని తప్పులును ఉన్నవి. రెంటినిగూర్చియు మనకు ఇంత తెలియుటకు కారణము ఆయన కొన్నిటిని తానే వ్రాసిపెట్టుట. మన పిల్లలు అయిదేండ్ల వయస్సున దినమునకు నూరు ప్రశ్నలు అడుగుదురు. చంద్రుడు మనతో ఏల నడచుచున్నాడని, నీటిలో కడ్డీ ఏల వంగినట్లు కనబడునని అడిగినప్పుడు పని యున్నది పొమ్మని కసరుట మనకు అలవాటు. పదేండ్లు వచ్చుసరికి వారు అడుగుట మానుదురు. అటుపై తమ్ము తామును అడుగుకొనరు. తెలియనిచోట తెలియదని చెప్పి, పిల్లవానితో కలసి కడ్డీని నీటిలో ముంచి చూచుటకు పట్టునది నాలుగు నిమిషములు.

అట్లే రాత్రి పడుకొనుటకు ముందు చిన్న పుస్తకములో ఒక వరుస గీచుకొనుట ఎవరికిని భారము కాదు. పదమూడు గుణములు అక్కరలేదు, ఒక్కటి చాలును. కాని వరుస గీయునప్పుడు ఊరందరు చేయుచున్నారు గనుక మనకు ప్రశ్నగా తోచని దానిని వెదకవలెను. ఇంటిలో అందరి తరువాత, మిగిలినది తినుచున్నవారెవరు? అంట్లు తోమ వచ్చు పిల్ల బడికి పోవలసిన వయస్సుది కాదా? పొలమున పనిచేయువానికి మనమిచ్చు గ్లాసు వేరుగా ఉన్నదా? వేరుగా నున్నచో, ఎందుకు? కారణము వెంటనే నోటికి వచ్చునేని, ఆ కారణమునకు ఎదురుగా మొదటి చుక్క పెట్టుకొనవచ్చును.